పద్దుకెక్కని ఖర్చు

కిందటి వేసవిలో మా చెల్లెలి పెళ్ళివిందు మా ఇంటి పెరట్లోనే జరిపించాం. కల్యాణమండపం అద్దె మిగిలింది. భోజనాల కాంట్రాక్టు మిగిలింది. తాటాకు పందిరి, అద్దెకు తెచ్చిన గుండిగలు, ఒక్క వంటమనిషి, నూటయాభై విస్తళ్ళు - అంతే. అప్పు లేకుండా గట్టెక్కామని పద్దుల పుస్తకం చూసుకుని నేను సంబరపడుతుంటే మా అమ్మ అంది: "కలిసొచ్చిందంటున్నావు, సరే నాయనా, మా మోకాళ్ళనడుగు." మూడు రోజులు ఆమె, పిన్ని, మేనత్త పొయ్యి దగ్గరనుంచి కదలలేదు. నా పద్దుల్లో వారి పేర్లు ఎక్కడా లేవు.

ఆ మాటతో నాకు రాజమహేంద్రవరంలో జరిగిన మరో ఇంటి పెళ్ళి గుర్తుకొచ్చింది. 1881 డిసెంబరు 11 రాత్రి వీరేశలింగంగారు తమ ఉద్యమంలో తొలి వితంతు వివాహం స్వగృహంలో జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. చట్టం అడ్డులేదు, 1856లోనే అది వితంతు వివాహాన్ని సమ్మతించింది. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశాడు. పోలీసులు కాపలా కాశారు. విద్యార్థులు అండగా నిలిచారు. ఇదంతా మన పాఠ్యగ్రంథాల్లో ఉన్నదే.

అయితే సనాతనుల వెలి దెబ్బ తగిలింది ఎక్కడ? వంటింట్లో. ఆనాటి పెళ్ళి డబ్బుతో మాత్రమే జరిగేది కాదు. పురోహితుడు, వంటవాడు, నీళ్ళు మోసేవాడు, బంధువులు - ఇందరి శ్రమ కూడితేనే పెళ్ళి. వెలి అంటే ఈ శ్రమను నిలిపివెయ్యడం. హుకుం ఇచ్చినవారు పెద్దలు. వారి భయానికి తప్పుకున్న వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు నాలుగిళ్ళ మీద బతికే పేదలు. వారిని నిందించి లాభం లేదు.

ఆ ఖాళీని పూరించింది రాజ్యలక్ష్మమ్మ. గోదావరి నీళ్ళు తానే మోసింది, వంట తానే చేసింది. సంస్కర్త వాదంతో గెలిచాడని మనం రాసుకుంటాం. ఆ వాదం నిలబడటానికి ముందు అతిథులకు అన్నం ఉడకాలి గదా!

ఆ కాలంలో పెళ్ళికి లెక్కలు లేవా అంటే ఉన్నాయి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో 1034 శుల్క వివాహాలు జరిగినట్టు లెక్క తేలిందని గురజాడ 1897 నాటి 'కన్యాశుల్కం' పీఠికలో రాశాడు. ఆడపిల్ల అమ్మకానికి లెక్కుంది. ఆడదాని చాకిరికి లెక్క లేదు.

తరవాతి సంస్కరణలూ పెళ్ళిపీటల దగ్గరే ఆగాయి. త్రిపురనేని రామస్వామి చౌదరి 'వివాహవిధి'తో పెళ్ళితంతును తెలుగులోకి తెచ్చాడు. 1954 ప్రత్యేక వివాహ చట్టంతో పురోహితుడు లేకపోయినా పెళ్ళి చెల్లింది. 1961 చట్టం కట్నాన్ని నిషేధించింది. వీటి విలువ తక్కువది కాదు. కాని వీటిలో ఏదీ వంటింటి గడప దాటి లోపలికి పోలేదు.

ఇక్కడొక భేదం గమనించాలి. రాజ్యలక్ష్మమ్మ బిందె ఎత్తింది వెలిని ఎదిరించడానికి. ఆమె ఆ పోరాటంలో భాగస్వామి. మా అమ్మను ఎవరు వెలివేశారు? ఎవరూ లేదు. ఆమె నడుం వంగింది నా పొదుపు కోసం. దానికి నేను నిరాడంబరమని పేరు పెట్టుకున్నాను. కూలి ఇవ్వకుండా పని చేయించుకునే యజమానిని తరగతిలో విమర్శించే నేను, ఇంట్లో చేసింది అదే.

కాబట్టి ఇంట్లో పెళ్ళి వద్దంటానా? అనను. పెళ్ళి అప్పుతో కుంగిపోయిన కుటుంబాలను మనమందరం ఎరుగుదుం. వంటకాలు తగ్గించవచ్చు. సాయానికి వచ్చినవారికి కూలి కట్టవచ్చు. కూరలు తరగడానికి, గుండిగలు దించడానికి, ఎంగిలాకులు ఎత్తడానికి మగవాళ్ళకు శాస్త్రం ఏదీ అడ్డురాదు. పొదుపు భారం ఇంటిల్లిపాదీ పంచుకుంటేనే అది పొదుపు. ఒకరి వీపు మీద వేస్తే దోపిడీ.

వచ్చే మాఘంలో మా తమ్ముడి పెళ్ళి. విందు మళ్ళీ మా పెరట్లోనే. ఈసారి పద్దుల పుస్తకం మొదటి పుటలో బియ్యం, పప్పుల ధరలు రాయలేదు. పొయ్యి దగ్గర ఎవరు ఏ పూట నిలబడాలో రాశాను. మొదటి పూట నాది.