వరండా కొట్టు, కంపెనీ జాగా

ఇంట్లో వ్యాపారం పెట్టుకోవచ్చా, ఇంటి ముందు సరుకు నిల్వ చేయవచ్చా అని గోదావరిఖనిలో ఎవరైనా అడిగితే, జవాబు మొదట చెప్పింది పట్టణ ప్రణాళిక కాదు, సింగరేణి బొగ్గు కంపెనీ ఎస్టేట్ ఆఫీసు. జాగా కంపెనీది, క్వార్టర్ కంపెనీది, నల్లా నీళ్లూ కరెంటూ కంపెనీవే. ఇల్లు కొలువుతో వచ్చేది, కొలువుతోనే పోయేది. అందులో కుట్టు మిషను పెట్టుకున్నా, కిరాణా కొట్టు తెరిచినా అది హక్కు కింద లెక్క కాదు, చూసీ చూడనట్టు వదిలేయడమే.

1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి కాలరీస్ 1920 డిసెంబరు 23న కంపెనీగా నమోదైంది. అదే ఏడాది మద్రాసు ప్రభుత్వం పట్టణ ప్రణాళికా చట్టం తెచ్చింది. అప్పట్లో ఆ చట్టానికీ నిజాం రాజ్యంలోని ఈ బొగ్గు బావులకూ సంబంధమే లేదు. రాష్ట్రాలు కలిశాక అదే ఇక్కడికీ వచ్చి, ఇప్పుడు తెలంగాణ చట్టంగా కొనసాగుతోంది. అంతకుముందే, ఇల్లు ఒకచోట, దుకాణం ఒకచోట, కార్ఖానా ఇంకోచోట ఉండాలని న్యూయార్క్ 1916లో నగరమంతటికీ గీతలు గీసింది. అలా గీసే అధికారం పట్టణాలకు ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1926లో యూక్లిడ్ కేసులో తేల్చింది. ఆ గీతల వెనుక ఒక నమ్మకం ఉంది, మనిషి పనికి బయటికి పోయి నిద్రకు ఇంటికి వస్తాడని. మూడు షిఫ్టుల ఊరికి అది సరిపడే లెక్క కాదు.

1960ల నుంచి గోదావరి ఒడ్డున బావుల చుట్టూ కాలనీలు లేచాయి. యైటింక్లయిన్ (ఎయిట్ ఇంక్లయిన్) కాలనీ పేరులోనే బావి నంబరు ఉంది. సెంటినరీ కాలనీ పేరు తవ్వకాల నూరేళ్ల పండుగది. 1980లో ఎరువుల కర్మాగారం, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్ వచ్చాయి, ఎవరి టౌన్‌షిప్ వాళ్లదే. ఊరు ఒకటే, యజమానులు ముగ్గురు. లక్ష్మీనగర్ లాంటి బజార్లు ఈ కాలనీలను నమ్ముకునే పెరిగాయి.

అసలు వ్యాపారం మాత్రం బజారు కంటే ముందు వరండాలోనే మొదలైంది. గుమ్మం పక్కన రేకుల షెడ్డు, అందులో గాజు సీసాల్లో బిళ్లలు, లోపలి గదిలో కుట్టు మిషను. కర్రీ పాయింట్ దగ్గర తెల్లారకముందే "అక్కా, ఫస్ట్ షిఫ్టుకు పోతున్న, పప్పు కట్టియ్యి" అన్న పిలుపు. నాకు ఆసక్తిగా తోచేది అక్కడి సిలిండర్. ఇంటికి ఇచ్చే ఎర్ర సిలిండర్ 14.2 కిలోలది, వ్యాపారానిది 19 కిలోలది. నిబంధన ప్రకారం ఎర్రదాని మీద కూర వండి అమ్మకూడదు. లైసెన్సు లేకుండా వంద కిలోలకు మించి గ్యాస్ నిల్వ చేయకూడదు. వరండా వంటగదికి ఈ తేడాలు ఎక్కవు, ఇంటి కూరా అమ్మే కూరా ఒకే గిన్నెలో ఉడుకుతాయి.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకు తగ్గారు. 1999లో ఎరువుల కర్మాగారం మూతపడింది. వారసత్వ ఉద్యోగం దొరకని పిల్లలు, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్లు కొట్టో జిరాక్సు మిషనో పెట్టుకున్నారు. వాళ్లను తప్పు పట్టడం నాకు న్యాయమనిపించదు. జీతం పోయాక ఇల్లు ఒక్కటే పెట్టుబడి, అది కూడా చాలామందికి సొంతం కాదు.

చట్టం ఆలస్యంగా వచ్చింది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను పురపాలక సంస్థల పనుల జాబితాలో చేర్చింది. పరిశ్రమే సేవలన్నీ అందించే చోట పురపాలక సంఘం లేకుండా పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ఉండే వెసులుబాటూ ఇచ్చింది. గోదావరిఖని ఉన్న రామగుండం ఆ దారి పట్టలేదు, 2009లో కార్పొరేషన్ అయింది. దాంతో ఒకే వీధికి ఇద్దరు పెద్దలు. క్వార్టర్ ముందు షెడ్డు వేస్తే ఎస్టేట్ వాళ్ల నోటీసు, దుకాణం తెరిస్తే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు.

బయటి నిల్వల సంగతి ఇంకా వింత. ఇంటి ముందు ఇసుక పోసుకుంటే అడిగేవాళ్లున్నారు. కాలనీ పక్కన కొండలా లేచిన ఓబీ (బొగ్గు పైనుంచి తవ్వి తీసిన) మట్టి దిబ్బకు, కుందనపల్లి బూడిద చెరువుకు నివాస ప్రాంతపు నిబంధన వర్తించదు, అది గనుల, కాలుష్య చట్టాల లెక్క. బొగ్గు కుప్పకు గాలి తగులుతుంటే అది లోలోపలే వేడెక్కి తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉంది. ఆ సంగతి తెలిసిన కార్మికుడి పెరట్లోనే ఒకప్పుడు పొయ్యి కోసం తెచ్చిన బొగ్గు ఉండేది. గ్యాస్ వచ్చాకే పెరళ్లు ఖాళీ అయ్యాయి.

ఈమధ్య అసలు గీత గీస్తున్నది కరెంటు మీటరే. సొంత ఇళ్లలో గుమ్మం దగ్గర కొట్టు కనిపిస్తే గృహ కేటగిరీ మారి వాణిజ్య రేటు పడుతుంది. 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకూ లాండ్రీలకూ నెలకు 250 యూనిట్లు ఉచితం. క్షవరశాలకు విడి మీటరు, విడి పేరు వచ్చాయి, కర్రీ పాయింట్‌కు ఇంకా రాలేదు. సింగరేణి ప్రాంతంలో ప్రభుత్వ ఉత్తర్వు జీవో 76 కింద కంపెనీ వదిలిన జాగాల్లోని ఇళ్లకు పట్టాలు అందినచోట, వరండా కొట్టు ఎస్టేట్ ఆఫీసు చేయి దాటింది. ఇకపై దాని లెక్క చూడాల్సింది కార్పొరేషన్, విద్యుత్ సంస్థ.