బిడ్డ యెవరి దగ్గర? కృష్ణా డెల్టా దళిత కుటుంబాలూ, విడాకుల చట్టాలూ

హిందూ స్త్రీకి విడాకుల హక్కు 1955లో వొచ్చిందని చరిత్ర పుస్తకాలు చెబుతాయి. యే హిందూ స్త్రీకి? కృష్ణా డెల్టా మాలపల్లెల్లో, మాదిగ గూడేల్లో ఆ హక్కు అంతకు ముందునించే వుంది. మొగుడూ పెళ్లాలకి పొసగకపోతే కులపెద్దలు కూచుని, యిచ్చిపుచ్చుకున్నవి లెక్కచూసి తెగతెంపులు చేసేవాళ్లు. ఆడది మారుమనువు పోవచ్చు. కింది కులాల్లో విడాకుల ఆచారం యెప్పటినించో వుందన్న సంగతిని హిందూ కోడ్ చర్చల్లో అంబేద్కర్ యెత్తి చూపించాడు. లేనిది అగ్రవర్ణాలకే. వాళ్లకి లేనిది దేశానికే లేదన్నట్టు చరిత్ర రాశారు.

అలాగని కులపంచాయతీని మేము నెత్తిన పెట్టుకోవడం లేదు. కూచున్నది మగవాళ్లే. బిడ్డ సంగతి వొచ్చేసరికి తల్లి మాటకన్నా తండ్రి వైపువాళ్ల మాటే బరువుగా తూగింది. అయినా అక్కడ తల్లిని "నీ మతమేంది?" అని యెవరూ అడగలేదు. ఆ ప్రశ్న కోర్టుతో వొచ్చింది.

1841లో చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు బందరులో దిగారు. 1855కి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట లేచింది. 1859లో రాఘవాపురం మాల పగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత పల్లెలకి పల్లెలే ఆ దారి పట్టాయి. మనవాళ్లు గుడికి, బడికి, మనిషిగా చూసే చోటుకి పోతున్నామనుకున్నారు. వెనకే చట్టాలొచ్చాయి. 1866 చట్టం, మతం మారినందుకు భార్యో భర్తో వొదిలేస్తే కోర్టులో పెళ్లి రద్దు చేసుకునే వీలిచ్చింది. 1869 విడాకుల చట్టం క్రైస్తవులందరి మీదా పడింది.

ఆ చట్టంలో మొగుడికి పెళ్లాం వ్యభిచారం వొక్కటి రుజువైతే చాలు. పెళ్లాం మాత్రం వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, రెండేళ్లు వొదిలేసి పోవడమో కూడా రుజువు చెయ్యాలి. జిల్లా జడ్జి యిచ్చిన తీర్పుని హైకోర్టు ఖాయం చెయ్యాలి. ఆ హైకోర్టు మొదట మద్రాసులో, 1954లో గుంటూరులో, 1956 నించి హైదరాబాదులో. కూలికి పోయే ఆడది యెన్ని వాయిదాలకి తిరగగలదు? పల్లెలో పెద్దల ముందు తేలిపోయే విషయం చర్చి పెళ్లితో దాదాపు తేలనిదైపోయింది. 2001 సవరణ దాకా యిదే చట్టం.

పిల్లల విషయంలో 1869 చట్టం యింకో గీత గీసింది. నేటివ్ తండ్రుల మగపిల్లలు 16 యేళ్లకి, ఆడపిల్లలు 13 యేళ్లకి మైనర్లు కాకుండా పోతారు. మిగతావాళ్ల పిల్లలకి, పెళ్లికానంత వరకూ, 18 యేళ్లు. బాప్తిస్మం వొకటే అయినా బాల్యం వొకటి కాలేదు.

హిందువుగా మిగిలిన దళితురాలి సంగతి? మద్రాసు రాష్ట్రం 1949లోనే విడాకుల చట్టం చేసింది. 1955 చట్టం 29వ సెక్షన్ ఆచార విడాకులని కాపాడింది. కానీ ఆ ఆచారం వుందని కోర్టులో రుజువు చెయ్యాలి. కాయితం రాసుకుంటే చాలదని 2002లో యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మన తాతల ఆచారానికి మనమే సాక్షులని తెచ్చుకోవాలి.

1956 మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం తండ్రినే మొదటి సహజ సంరక్షకుణ్ణి చేసింది. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర వుండాలంది. తండ్రి తర్వాతే తల్లి అన్న మాటని 1999లో గీతా హరిహరన్ కేసు కొంత సడలించింది. కానీ అదే ఆరో సెక్షన్, హిందూ మతం వొదిలిన తల్లికైనా తండ్రికైనా సహజ సంరక్షక హక్కు లేదంటుంది. బిడ్డ మేలే ముఖ్యమని 13వ సెక్షన్ చెప్పబట్టి, మతం మారినంత మాత్రాన తల్లి బిడ్డని పోగొట్టుకోదు. కానీ భర్త తరపు వకీలుకి చర్చి రిజిస్టరు వొక ఆయుధమే.

యిక్కడే 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు అడ్డమొస్తుంది. హిందువు, సిక్కు, బౌద్ధుడు కాని మాల, మాదిగలకి యెస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన వాళ్లకి బీసీ-సి కింద వొక శాతం. ఆదివారం చర్చికి పోతూ కాయితంలో హిందువుగా వుండే యిళ్లు డెల్టాలో యెన్నో. కాపురం సాఫీగా వున్నన్నాళ్లు యీ రెండూ కలిసే నడుస్తాయి. విజయవాడ కోర్టులో పిటిషన్ వేసేనాడు మాత్రం తల్లి వొక చట్టాన్ని యెంచుకోవాలి. క్రైస్తవ చట్టం కింద వేస్తే తన నోటితోనే మతం రికార్డు చేసినట్టు. రేపు బిడ్డ సర్టిఫికెట్‌కి అదే అడ్డు. హిందూ చట్టం కింద వేస్తే చర్చి పెళ్లి చూపించి ఆ పిటిషనే చెల్లదంటారు. అగ్రవర్ణ తల్లి మొగుడితోనే కొట్లాడుతుంది. మన తల్లి మొగుడితోపాటు బిడ్డ కులంతో కూడా కొట్లాడాలి.

తండ్రి అగ్రవర్ణం, తల్లి దళితురాలు అయినచోట 2012లో రమేష్‌భాయ్ నాయికా తీర్పు కొంత దారి తెరిచింది. బిడ్డకి తండ్రి కులమే అనుకోవడం తుది మాట కాదు. తల్లి పెంపకంలో, తల్లి కులపు అవమానాల మధ్య పెరిగానని బిడ్డ చూపించుకోవచ్చు. కాబట్టి తల్లి దగ్గర గడిచిన యేళ్లకి రుజువులు కావాలి. బడి రికార్డు, రేషన్ కార్డు, కస్టడీ ఉత్తర్వు దాచిపెట్టుకోవాలి. 1987 చట్టం కింద ఆడవాళ్లకీ యెస్సీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. యీ మాట పల్లె పల్లెకీ చేరాలి.

పరిశోధకులుగా మన పని మరొకటుంది. యిళ్లల్లో పెట్టెల అడుగున తెగతెంపుల కాయితాలున్నాయి. చర్చిల్లో పెళ్లి రిజిస్టర్లున్నాయి. మన ఆచారానికి సాక్ష్యం కావాలంటోంది కోర్టు. ఆ సాక్ష్యం చెదలు తినకముందే పోగెయ్యాలి.