వ్యాపారపు లెక్కలు, యంత్రసాక్ష్యము

ఒక వ్యాపారసంస్థ తన లెక్కలన్నియు కంప్యూటరున కప్పగించు పద్ధతి యెట్లు పుట్టి యెట్లు మాఱినదో మనవి చేసెదను.

ఇంగ్లండులో లయన్సు అను సంస్థ యుండెను. రొట్టెలు చేయుట, తేనీటిశాలలు నడపుట దాని వ్యాపారము. అమ్మకములు చిన్నవి, చీటీలు మాత్రము కోకొల్లలు. గుమాస్తాల చాకిరి తగ్గింపఁ దలఁచి, ఆ సంస్థవారు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు కంప్యూటరు నిర్మాణమునకు ధనసహాయము చేసి, ఆ మాదిరిని 'లియో' యను యంత్రమును తామే కట్టించుకొనిరి. 1951 నవంబరులో అది రొట్టెల కార్ఖానా లెక్క చేసెను. 1954 నాఁటికి జీతముల లెక్కయు, తేనీటిశాలలకు సరకు పంపు లెక్కయు దాని వశమయ్యెను. ఏ శాలకు ఏ దినమున ఎంత సరకు కావలెనో ముందే నిర్ణయమై యుండెడిది. శాల నడపు స్త్రీ ఆనాఁటి హెచ్చుతగ్గులను మాత్రము టెలిఫోనులో తెలిపెడిది. తక్కినది యంత్రమే చూచుకొనెడిది.

యంత్రమునకు పని నేర్పు ఆజ్ఞల వరుసను ప్రోగ్రామందురు. లయన్సులో ఆ పనికి పెద్దయైన డేవిడ్ కామినర్ ముందుగా గుమాస్తాల పనిని క్షుణ్ణముగా విచారించి, పిమ్మట ప్రోగ్రాము వ్రాయించెను. ఒకరు వ్రాసినదానిని వేఱొకరు పరీక్షించెడివారు.

1972 లో జర్మనీలో ఐ.బి.యం. కొలువు విడిచిన అయిదుగురు సాప్ అను సంస్థను స్థాపించిరి. కొనుగోలు, గిడ్డంగి, జీతము, ఖాతా మొదలగు వానికెల్ల చెల్లు ప్రోగ్రామును సిద్ధము చేసి పలు సంస్థలకు విక్రయించుట దానితో ప్రబలెను. లయన్సువారు తమ పనికిఁ దగిన ప్రోగ్రామును వ్రాయించుకొనిరి. ఇప్పుడు పెక్కు సంస్థలు కొన్న ప్రోగ్రామునకుఁ దగినట్లు తమ పనినే దిద్దుకొనుచున్నవి. వ్రాయువాఁ డొకచోట, వాడువాఁడు వేఱొకచోట.

ఈ యెడము వలని కీడునకు నిదర్శనము లియో వంశముననే కలదు. లియో సంస్థ పలు విలీనముల పిమ్మట 1968 లో ఐ.సి.ఎల్. లో కలిసెను. ఆ ఐ.సి.ఎల్. జపానువారి ఫుజిత్సు వశమైన పిదప, బ్రిటిషు పోస్టాఫీసులకు 'హొరైజన్' అను లెక్కల ప్రోగ్రామును సమకూర్చెను. 1999 నుండి అది అమలులోనికి వచ్చెను. అది లేని లోటును చూపెను. పోస్టుమాస్టరులు తాము పైకము తీయలేదని మొఱపెట్టినను యంత్రము మాటయే చెల్లెను. 900 మందికి పైగా నేరస్థులుగా నిర్ణయింపఁబడిరి; కొందఱు చెఱసాల కేఁగిరి. 2019 లో హైకోర్టు ఆ ప్రోగ్రామున దోషములు కలవని తీర్పు చెప్పెను. 2024 లో పార్లమెంటు ప్రత్యేకశాసనము చేసి అట్టి శిక్షలను రద్దుపఱచెను. అప్పటికి కొందఱు గతించియే పోయిరి.

పూర్వము కరణము లెక్కలను జమాబందిలో పై యధికారి తనిఖీ చేయుట పెద్ద లెఱుఁగుదురు. కరణ మెంత నమ్మకస్థుఁడైనను తనిఖీ తప్పెడిది కాదు. నేఁడు ప్రోగ్రాములను వ్రాయు యంత్రములు సయితము వచ్చినవి. వ్రాఁత సులభమైన కొలఁది తనిఖీ గట్టిపడవలెనని నా యభిప్రాయము. మన భూమి, బియ్యము, పింఛను లెక్కలును యంత్రములలోనే యున్నవి. కావున రసీదులు భద్రపఱచుకొనుఁడు. లెక్క తప్పినపుడు మనుష్యుని దొంగ యనుటకు ముందు యంత్రపు లెక్కను గూడ విప్పి చూపుఁడని యడుగుఁడు.