కొండకూ కడలికీ నడుమ: ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల పరిశోధన

విశాఖపట్నం రేవుకు దక్షిణాన యారాడ కొండ సముద్రంలోకి ముక్కులా చొచ్చుకొచ్చి ఉంటుంది. ఉత్తరాన కైలాసగిరి, పడమట సింహాచలం కొండల వరస. వీటి మధ్య తీరం నుంచి పైకి లేచిన ఎర్రమట్టి మెట్టనే వాల్తేరు అప్‌ల్యాండ్స్ అంటారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930 నుంచి ఈ మెట్టమీదే ఉంది. 2026 ఏప్రిల్ 26 నాటికి దాని వయసు నూరేళ్లు.

విశ్వవిద్యాలయ చరిత్రను సాధారణంగా ఉపాధ్యక్షుల పేర్లతో, పట్టభద్రుల ఘనతతో చెబుతారు. ఈ వ్యాసం మరో కోణం నుంచి చూస్తుంది. తూర్పు కనుమలు, బంగాళాఖాతం, రేవు, పరిశ్రమలు ఇక్కడి పరిశోధనకు ఏ ప్రశ్నలు అందించాయి? వాటిలో ఏవి ప్రపంచ శాస్త్ర సాహిత్యంలో నిలిచాయి? చుట్టూ ఉన్న నేలనూ నీటినీ పరిశోధనాంశం చేసుకున్నప్పుడే ఈ సంస్థ తనకంటూ ఒక ప్రత్యేకతను సంపాదించుకుందని, ఆ సంప్రదాయాన్ని కాపాడుకోవడమే శతాబ్ది సందర్భంలో దాని ముందున్న పెద్ద పని అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

వాల్తేరుకు దారి

1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమే చాలాకాలం తెలుగు జిల్లాలకూ దిక్కు. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్రోద్యమ సభలతో తెలుగువారికి వేరే విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక బలపడింది. మద్రాసు శాసనసభ చట్టంతో 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబరు 1న. అంటే ఆంధ్ర అనే పేరుతో రాష్ట్రం రావడానికి ఇరవయ్యేడేళ్ల ముందే విశ్వవిద్యాలయం వచ్చింది.

కేంద్రం ఎక్కడ ఉండాలన్నది తేలిక తగవు కాలేదు. బెజవాడ, రాజమండ్రి, అనంతపురం, విశాఖపట్నం పోటీపడ్డాయి. చివరికి వాల్తేరు ఖాయమైంది. దత్తమండలాలు, అంటే రాయలసీమ జిల్లాలు, ఈ విశ్వవిద్యాలయ పరిధి నుంచి వైదొలగి మళ్లీ మద్రాసు కిందికి వెళ్లాయి. ఆనాటి మనస్తాపం 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలోనూ కనిపిస్తుంది. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలన్నది అందులో ఒక అంశం.

తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో పదవి వదులుకున్నారు. ఆయన తర్వాత 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ బాధ్యతలు నిర్వహించారు. 1936లో మళ్లీ వచ్చిన కట్టమంచి 1949 వరకు కొనసాగారు. విశ్వవిద్యాలయాన్ని ఆర్థికంగా ఆదుకున్నవారిలో ముఖ్యుడు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ. తెలుగు, ఒడియా సాహిత్యాలు రెంటిలోనూ ప్రవేశం ఉన్న ఆయన పేరే సైన్సు, టెక్నాలజీ కళాశాలకు పెట్టారు. కోరాపుట్ కొండల్లోని సంస్థానం నుంచి వచ్చిన సాయంతో వాల్తేరు ప్రయోగశాలలు నిలదొక్కుకున్నాయి.

ప్రయోగశాలల తొలితరం

రాధాకృష్ణన్ చేసిన ముఖ్యమైన పని మనుషులను ఎంచుకోవడం. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి యువకులు దేశం నలుమూలల నుంచి వచ్చి ఇక్కడ పాఠాలు చెప్పారు. 1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి ఉపన్యసించారు.

భౌతికశాస్త్రంలో సూరి భగవంతం కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. కాంతి పరిక్షేపణంపై ఆయన గ్రంథాన్ని విశ్వవిద్యాలయమే ప్రచురించింది. టి.వెంకటరాయుడితో కలిసి ఆయన రాసిన గ్రూపు సిద్ధాంత గ్రంథమూ వాల్తేరు ప్రచురణే. అణువులు, స్ఫటికాలు కంపించే తీరును సౌష్ఠవ గణితంతో వివరించిన ఆ పుస్తకం మన దేశపు ఎల్లలు దాటి చదువరులను సంపాదించుకుంది. వర్ణపటశాస్త్రంలో కె.రంగధామరావు ఒక ప్రయోగశాలనే నిర్మించారు. ఆయన పేరిట భారత జాతీయ సైన్సు అకాడమీ స్మారకోపన్యాసం నెలకొల్పింది. గణితంలో వి.రామస్వామి 1949లో, పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యల పంపకంపై అమెరికన్ గణిత సంఘం పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. సంఖ్యాశాస్త్రంలో ప్రపంచఖ్యాతి గడించిన సి.ఆర్.రావు 1940లో గణిత ఎం.ఏ. పట్టా పొందింది ఇక్కడే.

రసాయనశాస్త్రంలో స్థానిక వాసన మరీ గట్టిగా కనిపిస్తుంది. 1933లో వచ్చిన టి.ఆర్.శేషాద్రి ఖరీదైన దిగుమతి సామగ్రి కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. పొలాల్లో పూసే పత్తిపూలు, గోగుపూలు తెప్పించి వాటి పసుపు రంగుకు మూలమైన పదార్థాలను వేరుచేశారు. ఫ్లేవనాయిడ్లనే ఆ రంగు పదార్థాల రసాయనంలో ఆంధ్రదేశపు పైర్ల నుంచి కొత్త పేర్లు చేరాయి. యుద్ధకాలంలో సైన్యం భవనాలను స్వాధీనం చేసుకున్నప్పుడు శాఖలు గుంటూరుకు తరలాయి. అయినా పని ఆగలేదు. 1949లో శేషాద్రి ఢిల్లీ వెళ్లాక ఎల్.రామచంద్రరావు ఆ దారిలోనే సాగారు. పసరికల వైద్యంలో వాడే నేల ఉసిరిలోని ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే లిగ్నాన్ల నిర్మాణాన్ని 1960లలో ఆయన బృందం తేల్చింది. నేల ఉసిరి మందుల నాణ్యతను పరీక్షించేవారు ఈనాటికీ కొలిచేది ఈ రెండు పదార్థాలనే.

కొండరాయి నుంచి నల్ల ఇసుకకు

విశాఖ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరుమీద 1902లో టి.ఎల్.వాకర్ పెట్టిన పేరది. కోణార్క్ ఆలయం కట్టిందీ ఈ జాతి రాతితోనే. వాల్తేరు భూవిజ్ఞాన శాఖకు కొండలే ప్రయోగశాల. రామన్ శిష్యుడైన కలమూర్ మహదేవన్ ఆ శాఖకు దిశ చూపారు.

భీమునిపట్నం వైపు తీరంలో నడిచేవారికి తెల్లటి ఇసుకపై నల్లటి, ఎర్రటి చారలు కనబడతాయి. వాటి కథ కొండల్లో మొదలవుతుంది. ఖోండలైట్, చార్నకైట్ రాళ్లు వానకూ ఎండకూ చివికి, వాటిలోని ఖనిజపు రేణువులు గెడ్డల వెంట సముద్రానికి చేరతాయి. అలలు తేలిక ఇసుకను లాక్కుపోతాయి, బరువైన రేణువులు వెనక మిగులుతాయి. నల్లచార ఇల్మనైట్, ఎర్రచార గార్నెట్. థోరియం ఉండే మోనజైట్ కూడా ఈ ఇసుకలో ఉందని 1948లో మహదేవన్, శ్రీరామదాస్ ప్రకటించారు. దేశం అణుశక్తి కార్యక్రమానికి సిద్ధమవుతున్న రోజులవి. అణుభౌతికశాస్త్రంలోనూ వాల్తేరు వెనకబడలేదు. ప్రాగ్‌లో డాక్టరేటు పొందిన స్వామి జ్ఞానానంద 1950లలో ఇక్కడ అణు పరిశోధనశాలను నెలకొల్పారు. ఆ శాల ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది.

కొండలు రాళ్లకే కాక భాషలకూ నిలయం. ఈ విశ్వవిద్యాలయంలో చదివి ఇక్కడే బోధించిన భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండ భాషను, కూబి అని కూడా పిలిచేదాన్ని, దాన్ని మాట్లాడేవారి నుంచే సేకరించి విశ్లేషించారు. 1969లో అచ్చయిన ఆ వ్యాకరణం ద్రావిడ భాషాశాస్త్రంలో ప్రామాణిక గ్రంథం.

సముద్రమే పాఠశాల

1952లో అమెరికన్ సముద్రశాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వాల్తేరు వచ్చారు. మహదేవన్ ఆయనకు తోడు నిలిచారు. భారత నౌకాదళ నౌకలపై విద్యార్థులు బంగాళాఖాతంలోకి వెళ్లి నీటి ఉష్ణోగ్రత, ఉప్పదనం, అడుగు మట్టి నమూనాలు సేకరించారు. భారతదేశంలో సముద్రశాస్త్రం విశ్వవిద్యాలయ విద్యగా వేళ్లూనుకున్న తొలి చోట్లలో వాల్తేరు ఒకటి. ఆ ఫలితాలు విశ్వవిద్యాలయ సముద్రశాస్త్ర మెమాయిర్లుగా 1954లో, 1958లో వెలువడ్డాయి.

వాటిలో తేలిన ఒక సంగతి మత్స్యకారులకు నేరుగా సంబంధించింది. వేసవి మొదట్లో నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు లోతు సముద్రంవైపు జరుగుతుంది. ఆ ఖాళీని నింపడానికి అడుగునుంచి చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది. ఆ నీటిలో సూక్ష్మ మొక్కలు పెరుగుతాయి, వాటి వెంట చేపలకు మేత పెరుగుతుంది. తూర్పు తీరంలో ఈ ప్రక్రియను కొలిచి చూపిన తొలి పని వాల్తేరులో జరిగింది.

రెండోది ఇసుకతీరం కోత. లఫాండ్, ప్రసాదరావు కలిసి వాల్తేరు తీరంలో ఇసుక ఏ నెలల్లో మేటవేస్తుందో, ఏ నెలల్లో కొట్టుకుపోతుందో వరసగా కొలిచి 1954లో ప్రకటించారు. రామకృష్ణా బీచ్ కోతకు గురైన ప్రతిసారీ నగరం అడిగే ప్రశ్నకు తొలి కొలతలు అవే.

1963లో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో ఆంటన్ బ్రూన్ నౌక తూర్పు తీరపు ఖండపు వాలును పరిశీలించింది. అక్కడ కనిపించిన సముద్రాంతర లోయలకు లఫాండ్ ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. బంగాళాఖాతం అడుగు పటంలో ఒక విశ్వవిద్యాలయం, దాని ఆచార్యుడు చోటు చేసుకున్న అరుదైన ఘటన ఇది.

రేవు నీటిలో ఒక పురుగు

1933 అక్టోబరు 7న జలదుర్గ అనే నౌక రాకతో విశాఖ రేవు మొదలైంది. గెడ్డ కలిసే చిత్తడి నేలను తవ్వి లోపలి హార్బరును తయారుచేశారు. సింధియా కంపెనీ నౌకా నిర్మాణశాలలో తయారైన జలఉష 1948లో నీటిలోకి దిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువుల ఫ్యాక్టరీ వచ్చాయి.

జంతుశాస్త్రాచార్యుడు పి.ఎన్.గణపతి ఈ మార్పులన్నిటినీ సముద్రజీవుల కంటితో చూశారు. నౌకల అడుగున పేరుకునే జీవులు, కలపను తొలిచే జీవులపై ఆయన బృందం 1950లలోనే పనిచేసింది. పడవల కర్రను తొలిచేది పురుగులా కనిపించినా నిజానికి ఆల్చిప్పల వంశానికి చెందింది. రేవుకూ, జాలరి తెప్పకూ అది ఒకే శత్రువు. 1962లో జి.సి.రావుతో కలిసి ఇసుక రేణువుల నడుమ సందుల్లో బతికే సూక్ష్మజీవులపై గణపతి రాసిన వ్యాసం, నడిచేవారి కాలికింది తీరం కూడా జీవులతో కిటకిటలాడుతుందని చూపింది.

1970లలో గణపతి, ఎ.వి.రామన్ హార్బరు కాలుష్యంపై చేసిన పని అన్నిటికన్నా ముఖ్యం. పరిశ్రమల వ్యర్థాలూ నగరపు మురుగూ చేరే లోపలి హార్బరులో అడుగు మట్టిని ఎత్తి చూస్తే, దుర్వాసన కొట్టే నల్లబురద. మామూలు జీవులు అందులో ఉండలేవు. కాపిటెల్లా కాపిటేటా అనే దారంలాంటి పురుగు మాత్రం పెద్ద సంఖ్యలో పెరుగుతుంది. ఆక్సిజన్ అరుదైన చోట కూడా అది తట్టుకోగలదు. దాన్ని కాలుష్య సూచికగా వాడవచ్చని వారు 1976లో చూపారు. బురద ఎత్తి, జల్లెడపట్టి, పురుగులు లెక్కపెడితే కాలుష్యం ఎక్కడిదాకా పాకిందో గీత గీయవచ్చు.

పరిశ్రమల నగరంలో విశ్వవిద్యాలయం చేయవలసిన పని ఇదే. పరిశ్రమలకు ఇంజనీర్లను అందించడంతో పాటు, ఆ పరిశ్రమలు నీటినీ గాలినీ ఏం చేస్తున్నాయో కొలిచి చెప్పడం.

ఉక్కు నగరం, విద్యార్థి

1946లో ఇంజనీరింగ్ శాఖ మొదలైంది. ఇక్కడి పట్టభద్రులు రేవు, షిప్‌యార్డు, శుద్ధి కర్మాగారాల్లో చేరారు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ ఉద్యమం లేచినప్పుడు విద్యార్థులు ముందువరసలో నిలిచారు. అక్టోబరులో టి.అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు జాతికి అంకితం. దేశంలో సముద్రతీరాన నిర్మించిన తొలి సమగ్ర ఉక్కు కర్మాగారం అలా వచ్చింది.

విశ్వవిద్యాలయ పరిధి మాత్రం క్రమంగా కుదించుకుపోయింది. గుంటూరు స్నాతకోత్తర కేంద్రం నుంచి 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం పుట్టింది. ఆ తర్వాత 2006లో ఆదికవి నన్నయ, 2008లో శ్రీకాకుళం అంబేడ్కర్ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. పరిధి తగ్గినా ప్రశ్నలు తగ్గలేదు. కె.నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల నుంచి 2000-2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఆనకట్టలు ఒండ్రును ఆపేస్తే డెల్టా అంచు వెనక్కి తగ్గుతుందని ఆ లెక్కలు చూపాయి. మహదేవన్ కాలపు ఇసుక అధ్యయనాలకు ఇది వారసత్వం.

ముగింపు

పై ఉదాహరణలన్నిటిలో ఒక సామాన్య లక్షణం ఉంది. పత్తిపువ్వు, నల్ల ఇసుక, కొండ భాష, హార్బరు బురద, డెల్టా ఒండ్రు: ఇవన్నీ నగరం నుంచో, ఒక్కరోజు ప్రయాణంలోనో అందేవి. వాటి నుంచి వచ్చిన ఫలితాలు మాత్రం ఏ దేశపు శాస్త్రవేత్తకైనా పనికివచ్చేవి. రాధాకృష్ణన్, కట్టమంచి, వి.ఎస్.కృష్ణ వంటి ఉపాధ్యక్షులు మనుషులకిచ్చిన స్వేచ్ఛ, ఏళ్ల తరబడి ఒకే తీరాన్ని కొలిచే ఓపిక ఈ ఫలితాలకు ఆధారం. ఆ ఓపికను నిలబెట్టేది శాశ్వత అధ్యాపకులే. ఖాళీలతో, తాత్కాలిక నియామకాలతో దీర్ఘకాలిక కొలతలు సాగవు.

శతాబ్ది సందర్భంలో విశ్వవిద్యాలయం నుంచి ఆశించవలసిన పనులు రెండున్నాయి. సముద్రశాస్త్ర మెమాయిర్లనూ, పాత సిద్ధాంత గ్రంథాలనూ, హార్బరు, తీరం కొలతల పుస్తకాలనూ డిజిటల్ రూపంలోకి మార్చి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి. 1950లలో కొలిచిన చోట్లనే మళ్లీ కొలిచి, డెబ్బయ్యేళ్లలో తీరమూ రేవునీరూ ఎలా మారాయో తెలుగులో, ఇంగ్లీషులో ప్రకటించాలి. విశాఖ ప్రజలు, పోర్టు, ఉక్కు కర్మాగారం, రాష్ట్ర ప్రభుత్వం ఈ పనికి నిధులూ సహకారమూ ఇవ్వాలి.