కొడవలి కణం - కులం కన్ను

మన వాడల్లో తరతరాలుగా వింటున్న మాట ఒకటుంది: "ఒంట్లో నెత్తురు లేదు." నాట్లేస్తూ కళ్ళు తిరిగి పడిపోయిన ఆడమనిషికీ అదే మాట, కళ్ళు పచ్చబడి కీళ్ళ నొప్పులతో ఏడ్చే పిల్లాడికీ అదే మాట. దవాఖానాకు పోతే ఐరన్ మాత్రలిచ్చి, ఆకుకూరలు తినమని పంపేస్తారు. ఆ నెత్తురు చుక్కని గాజు పలక మీద పెట్టి చూసినవాళ్ళెందరు? చూసినవాళ్ళు ఏం చూశారు? ఇవి వైద్యం ప్రశ్నలే కాదు, చరిత్ర ప్రశ్నలు కూడా. మైక్రోస్కోపులో కన్నుపెట్టే అవకాశం మా ఇళ్ళల్లో మాకే మొదటిసారి దక్కింది కాబట్టి ఈ ప్రశ్నలు మేము అడగక తప్పదు.

నెత్తురు చుక్కని స్లైడు మీద పల్చగా పరిచి, ఆరబెట్టి, రంగు వేస్తారు. మన ల్యాబుల్లో ఇప్పటికీ వాడుతున్న లీష్మన్ రంగు 1901లో వచ్చింది. ఆ రంగులో తెల్ల కణాలు ఐదు రకాలుగా విడిపోయి కనిపిస్తాయి. కేంద్రకం తుంపులు తుంపులుగా ఉంటే న్యూట్రోఫిల్. నారింజరంగు రేణువులుంటే ఇసినోఫిల్. ముదురు నీలం రేణువులుంటే బేసోఫిల్. కణమంతా గుండ్రటి కేంద్రకమే నిండితే లింఫోసైట్. అన్నిటికన్నా పెద్దది మోనోసైట్. ఎర్ర కణాలకు కేంద్రకం ఉండదు. గుండ్రంగా ఉండి నడుమ కాస్త పాలిపోయి ఉంటాయి. ఇనుము చాలకపోతే అవి చిన్నవై మరింత పాలిపోతాయి. ఫోలిక్ యాసిడ్, బి12 చాలకపోతే పెద్దవవుతాయి. సికిల్ సెల్ జబ్బులో కొడవలిలా వంగిపోతాయి. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని ప్రాణం పోయేంత నొప్పి పుట్టిస్తాయి. ఇది ఐరన్ మాత్రలతో తగ్గేది కాదు. "నెత్తురు లేదు" అన్న ఒక్క మాట కింద ఇన్ని వేర్వేరు జబ్బులు దాక్కున్నాయి.

ఈ కొడవలి కణాల్ని వైద్య గ్రంథాలకెక్కించినవాడు షికాగో డాక్టరు జేమ్స్ హెరిక్. అతని వ్యాసం 1910లో వచ్చింది. 1904లో ఆ నెత్తుర్ని మొదట చూసింది మాత్రం అతని కింద పనిచేసిన కుర్ర డాక్టరు ఎర్నెస్ట్ ఐరన్స్. మరి నెత్తురిచ్చింది ఎవరు? వ్యాసంలో రోగి వయసుంది, జాతి ఉంది, పేరు లేదు. అతను వాల్టర్ క్లెమెంట్ నోయెల్. గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదవడానికొచ్చిన నల్ల విద్యార్థి. చదువు ముగించి 1907లో సొంతగడ్డకు తిరిగిపోయి, ప్రాక్టీసు చేస్తూ 1916లో చనిపోయాడు. అతని కథ వైద్యలోకానికి పూర్తిగా తెలిసింది 1989లో. హెరిక్ పేరు మాత్రం మొదటినుంచీ పుస్తకాల్లో ఉంది.

1922లో జబ్బుకు పేరొచ్చింది. "నల్లవాళ్ళ నెత్తురు జబ్బు" అన్న ముద్ర కూడా పడింది. తెల్లవాళ్ళలో కనిపిస్తే వాళ్ళ పూర్వీకుల్లో నల్లవాళ్ళున్నారేమోనని డాక్టర్లు వెతికారు. ఈ జన్యువు ఒక్క పాలు మాత్రమే ఉన్నవాళ్ళకు మలేరియానుంచి కొంత రక్షణ దొరుకుతుందని 1954లో ఆలిసన్ చూపించాడు. అంటే అది జాతి గుర్తు కాదు, దోమలున్న నేలల గుర్తు. అందుకే గ్రీసులో ఉంది, అరేబియాలో ఉంది, మన దగ్గరా ఉంది.

మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో, అదే ఏడు అస్సాం తేయాకు తోటల కూలీల్లో ఇది బయటపడింది. తర్వాత విదర్భలో మహర్లలో, కుణబీల్లో, తేలీల్లో కనిపించింది. ఆదిలాబాదు, విశాఖ ఏజెన్సీ ఆదివాసుల్లోనూ ఉంది. ఇక్కడా కులాలవారీ పట్టికలు తయారయ్యాయి. పరీక్షలు ఎక్కడ ముందు పెట్టాలో చెప్పడానికి పట్టిక పనికొస్తుంది. మనిషికి ముద్ర వేయడానికి వాడితే అది కొత్త మనుస్మృతి అవుతుంది.

అమెరికాలో ఆ ముద్ర ఏం చేసిందో చూశాం. ప్రభుత్వం పట్టించుకోకపోతే 1971లో బ్లాక్ పాంథర్లే వాడవాడలా పరీక్షలు మొదలుపెట్టారు. 1972లో చట్టమొచ్చింది. అయినా జబ్బులేని వాహకుల్ని సైతం వైమానికదళ అకాడమీ 1981 దాకా రానివ్వలేదు. వాహకుడు వేరు, రోగి వేరు అన్న ముక్క చెప్పకుండా పరీక్ష చేస్తే జరిగేది ఇదే.

మన దేశంలో 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఆదివాసీ ప్రాంతాల్లో 7 కోట్లమందికి పరీక్షలన్నారు, కార్డులన్నారు. ఇది ఎప్పుడో జరగాల్సిన పని. అయితే మామూలు స్లైడు మీద వాహకుల కణాలు మామూలుగానే కనిపిస్తాయి. వాళ్ళను గుర్తుపట్టాలంటే ఎలక్ట్రోఫోరెసిస్ లాంటి పరీక్షలు కావాలి. అవి ఊరి దవాఖానాకు అందుబాటులో ఉండాలి. ఆదివాసుల పక్కనే బతికే దళితులకూ, వెనకబడిన కులాలకూ అందాలి. ఆ కార్డు పెళ్ళి చూపుల్లో ఆడపిల్లను వెలేసే కాయితం కాకూడదు.

మనకు రెండు అన్యాయాలు జరిగాయి. ఒకటి, మన నెత్తుర్ని చూడకపోవడం. రెండోది, చూసినప్పుడు కులం కళ్ళద్దాల్తో చూడడం. మొదటిదానికి మందు పరీక్ష. రెండోదానికి మందు చరిత్ర. కాబట్టి ఈసారి దవాఖానాలో ఎవరైనా "నెత్తురు లేదు" అంటే ఊరుకోవద్దు. ఏ రకం రక్తహీనతో, స్లైడు చూశారో లేదో అడుగుదాం.