మోటారు ఇంజనునకు తల మార్చుట



తల తెగినవానికి వేఱొక తల నతికి బ్రదికించుట మన పురాణములకు క్రొత్త సంగతి కాదు. దక్షునకు మేకతల వచ్చినది. వినాయకునకు ఏనుగుతల వచ్చినది. ఆ దేవవైద్యము మనకు చేతకాదు గాని, ఇనుముతో చేసిన యొక ప్రాణికి మాత్రము మన యూళ్లలోని మోటారు పనివారు నిత్యము తల మార్చుచునే యున్నారు. పాత కారునో ట్రాక్టరునో వేపచెట్టు నీడను నిలిపి, “హెడ్డు పగిలినదండీ, మార్చవలసినదే” యని వారు చెప్పగా వినని గ్రామస్థుడు అరుదు. ఆ మాట విన్న యజమానికి గుండె జాఱును. అయినను ‘మార్చవలసినదే’ యనుటలో నొక శుభవార్త యిమిడి యున్నది. తొలినాటి యింజనులలో పెక్కింటికి తల మార్చు వీలే లేకుండెను. ఆ వీలు ఎట్లు వచ్చినదో, దానిని కాదన్న వారెవరో చెప్పుటయే నేటి ప్రసంగము.

ముందుగా హెడ్డన నేమో చూతము. ఇంజనులో గుండ్రని గొట్టమువంటి గది యుండును, అది సిలిండరు. అందులో పిస్టను క్రిందికి మీదికి నాడుచుండును. రోటిలో రోకలి యనుకొన్న చాలవఱకు సరిపోవును. కాని యీ రోటికి పైన మూత గలదు. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి యా మూతకును పిస్టనునకును నడుమ నణగి, నిప్పురవ్వ తగులగనే భగ్గున మండి పిస్టనును క్రిందికి త్రోయును. ఆ మూతయే హెడ్డు. అచ్చటి మంట రెండువేల సెంటిగ్రేడు డిగ్రీలు మించును. పోత యినుము అంతకంటె చాల తక్కువ వేడికే కరగిపోవును. హెడ్డు కరగక నిలుచుటకు కారణము దాని గర్భములోని దారులలో ఎడతెగక నీరు పాఱుచుండుటయే. ఒక వంక నిప్పు, ఒక వంక నీరు, నడుమ చిటికెనవ్రేలి మందమైనను లేని యినుపగోడ. పగులుటలో వింత లేదు. ఇన్నాళ్లు పగులకుండుటయే వింత.

నీటి చింత మోటారు బండితోపాటే పుట్టినది. జర్మనీ దేశస్థుడగు కార్ల్ బెంజి 1886లో పేటెంటు పొందిన మూడుచక్రముల బండిలో నీరు మరగి యావిరియై పోవుటవలననే యింజను చల్లబడుచుండెను. 1888లో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకయే యిద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, మాన్‌హైము నుండి ఫార్జ్‌హైమునకు నూఱు కిలోమీటర్లకు మించిన దారి ఆ తరగతి బండిపై ప్రయాణము చేసినది. త్రోవ పొడుగునను మాటిమాటికి నిలిచి నీరు పోయవలసి వచ్చెనట. మోటారు బండ్ల చరిత్రలో తొలి దూరప్రయాణము చేసినది ఒక యిల్లాలని మన యాడపడుచులకు చెప్పదగును.

తరువాతి యిరువదేండ్లలో వచ్చిన యింజనులలో పెక్కింటికి సిలిండరును తలయు ఒకే పోత. దానికి హేతువు గలదు. రెండు ముక్కలు చేసినచో నడుమ సంధి యేర్పడును. వ్యాకరణములోని సంధి రెండు పదములను ఒకటి చేయును. ఇనుములోని సంధి కారుటకు దారి చేయును. మంటయు నీరును అధిక పీడనముతో ఆ కీలు కడనే కాచుకొని యుండును. కావున తల వేఱుచేయకుండుటయే క్షేమమని నాటి శిల్పులు తలచిరి. దాని ఫలితము మాత్రము యజమాని యనుభవించెను. లోపల పేరిన మసి గీకవలెనన్న సిలిండరునంతను క్రింది పెట్టెనుండి పైకి లాగవలెను. తలలో వెండ్రుకంత బీట పడినచో సిలిండరు పోత యంతయు వ్యర్థము.

1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డు ‘మోడల్ టి’ అను కారును విడుదల చేసెను. అందు నాలుగు సిలిండరులు ఒకే దిమ్మగా పోసి, వానికన్నిటికి కలిపి విడదీయదగిన యొక్క మూతను బోల్టులతో బిగించిరి. నడుమ రాగిరేకుల మధ్య రాతినార పొదిగిన పలుచని గాస్కెటు నుంచిరి. ఆ కారును కొన్నవారిలో రైతులు మెండు. పట్టణమునకు దూరముగా, కొట్టములోనే బండి బాగుచేసికొనవలసిన సంసారులు వారు. బోల్టులు విప్పి మూత యెత్తినచో నాలుగు పిస్టనుల నెత్తులును కంటికి కనబడును. మసి గీకి, గాస్కెటు మార్చి, మరల మూసినచో బండి నడచును. 1927 వఱకు ఆ కార్లు కోటి యేబదిలక్షలకు పైగా తయారైనవి.

ఆ పద్ధతిని అందఱును మెచ్చలేదు. ఇంగ్లండులో బెంట్లీ యను శిల్పి 1919లో ప్రదర్శించి 1921 నుండి అమ్మిన మూడు లీటర్ల కారునకు తలయు సిలిండరులును ఒక్కటే పోత. గాస్కెటు లేనిచో గాస్కెటు కారదని ఆయన వాదము. ఆ వాదము తప్పనజాలము. 1924లోను 1927లోను ఫ్రాన్సునందలి లెమాన్ పందెమున ఆ కార్లే గెలిచినవి. కాని పందెపు గుఱ్ఱమునకు సేవకులు పదిమంది. దుక్కిటెద్దునకు యజమాని యొక్కడే. మూతను వేఱుచేసిన వాని పక్షమే నాది. లోకము కూడ చివరకు ఆ పక్షమునకే మొగ్గినది.

ఫోర్డు హెడ్డు ఉత్త మూత మాత్రమే. వాల్వులు ప్రక్కన దిమ్మలో నుండెడివి. పిమ్మట వాల్వులను కూడ హెడ్డులోనికే యెక్కించిరి. బలము పెరిగినది, తలబరువును పెరిగినది. 2014 వఱకు బెంగాలులోని ఉత్తరపాడలో తయారైన అంబాసిడరు కారు మీరెల్ల నెఱిగినదే. దాని 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను హెడ్డు ఈ జాతిదే. మండిన పొగ బయటికి పోవు వాల్వు ఎఱ్ఱగా కాగును. దాని ప్రక్కనే చల్లని గాలి వచ్చు వాల్వు. ఇట్టి హెడ్డులు బీటవాఱుట తఱచుగా ఆ రెంటి నడిమి సన్నని కట్టమీదనే.

ఏల బీటవాఱును? అరమీటరు పొడుగుగల పోత యినుము నూఱు డిగ్రీలు వేడెక్కిన అర మిల్లీమీటరు సాగును. అంతయు సమముగా సాగినచో బాధ లేదు. రేడియేటరు పూడి నీరు తఱిగి హెడ్డు మలమల మాడుచున్నప్పుడు, డ్రైవరు తొందరపడి చెఱువునీళ్ల బొక్కెన యొకటి కుమ్మరించును. ఒక భాగము చటుక్కున ముడుచుకొనును, ప్రక్కభాగము ముడువదు. పోత యినుము నొక్కుడునకు ఓర్చును గాని లాగుడునకు ఓర్వదు. అంతటితో సరి. సెగలు క్రక్కు ఇంజనును అరగంట యూరక నిలిపినచో కొన్ని వేల రూప్యములు మిగులును. బీట పడిన జాడలు ఇవి: నూనెలో నీరు కలిసి విఱిగిన పాలవలె తెల్లబాఱుట, రేడియేటరులో ఎడతెగక బుడగలు పొంగుట, పొగగొట్టమున తెల్లని యావిరి చాలసేపు వచ్చుట.

ఇక మార్చు విధము. ఇంజను పూర్తిగా చల్లాఱిన పిదప నీరు తీసివేసి, బోల్టులను అంచులనుండి నడిమికి కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. పాత గాస్కెటు ముక్కలను తడిపి గీకుట మేలు. రాతినార దుమ్ము ఊపిరితిత్తులను చెఱచునని తరువాత తెలిసినందున పెక్కుదేశములు దానిని నిషేధించినవి. దిమ్మముఖమును ఇనుప బద్దతో సరిచూచి, క్రొత్త గాస్కెటు వేసి, హెడ్డు నుంచి, ఈసారి నడిమినుండి అంచులకు, ఒక్కమాఱుగా గాక మూడు విడతలుగా బిగింపవలెను. పుస్తకమునకు అట్ట అంటించునపుడు నడిమినుండి యంచులకు రాచినట్లే యిదియు. లేనిచో నడుమ పొంగు నిలుచును. బిగువునకును కొలత గలదు. బిగువు కొలుచు పానను 1918లో న్యూయార్కు నగరపు నీటిశాఖలో పనిచేయుచున్న కాన్రాడ్ బార్ అనునాతడు కల్పించెను. చేతి యందాజును నమ్ము పనివాడు బోల్టు త్రుంచుటయో, వదులుగా విడుచుటయో జరుగుట కద్దు. రేడియేటరు పూడిక తీయక క్రొత్త హెడ్డు వేసినచో దానికిని పాతదాని గతియే.

పగిలినదానిని మార్చక అతుకరాదా యని యడుగుదురు. అతుకవచ్చును. పోత యినుమును కాల్చి యతుకవలెనన్న హెడ్డునంతను ముందుగా ఎఱ్ఱగా కాచి, అతికి, బూడిదలో కప్పి మెల్లగా చల్లార్పవలెను. తొందరపడినచో అతుకు ప్రక్కనే క్రొత్త బీట పుట్టును. నిప్పు ముట్టింపరాని టెక్సాసు నూనెబావుల కడ 1930 ప్రాంతమున వేఱొక యుపాయము పుట్టినది. పగులునకు అడ్డముగా గళ్లు తొలిచి, వానిలో నికెలు మిశ్రమపు బందులు కొట్టి, చీలిన పలకను వడ్రంగి కూర్చినట్లు చల్లగనే కుట్టివేయుదురు.

మన నేలపై ఈ విద్యలకు అక్కఱ యెంతయో యూహింపుడు. నిజాం ప్రభుత్వ రైల్వేవారు 1932 జూన్ నెలలో 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. వారి ఆల్బియన్ బస్సులు స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టినవి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఓడలే కరవైనప్పుడు సముద్రము దాటి యొక హెడ్డు వచ్చుట యెన్నడు? పెట్రోలునకే బదులు బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపిన దినములవి.

నేడును పాత బండ్లవారికి అట్టి కరవే. పోత ఆగిపోయిన నమూనాలకు క్రొత్త హెడ్డు దొరకదు. పాతసామానుల అంగడిలో వెదకవలెను. అచ్చట నొక చౌక పరీక్ష గలదు. వెనుకటి రైల్వే కర్మాగారములలో బండి యిరుసులకు చేసినదియు ఇట్టిదే. హెడ్డును కిరసనాయిలుతో బాగుగా తడిపి, కొంతసేపటికి పొడిగా తుడిచి, పైన సుద్దపొడి రాయుదురు. బీట యున్నచో దానిలో దాగిన నూనె యూరి తెల్లని సుద్దమీద నల్లని గీత తేలును. మెలకువగల పనివారు అంగడివాని యెదుటనే ఆ పని చేసి, గీత తేలని హెడ్డునకు మాత్రమే ధర మాటాడుదురు.