త్రిభుజ జాలముల పూర్వాపరములు

వృత్తమునకు లోపలను వెలుపలను 96 భుజములుగల బహుభుజులను లిఖించి, పరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి 3 10/71 కంటె నధికమనియు 3 1/7 కంటె న్యూనమనియు ఆర్కిమిడీసు నిరూపించిననాడే, వక్రమును ఋజురేఖలతో పట్టుకొనవచ్చునను విశ్వాసము గణితమున వేళ్లూనెను. నేడు కంప్యూటరు సాయమున యంత్రభాగములను రూపొందించువారు వంపు తిరిగిన తలమును వేలకొలది త్రిభుజముల జాలముగా, వారి వ్యవహారమున మెష్‌గా, విడగొట్టుటకు ఆధారమీ విశ్వాసమే. 50 మి.మీ. వ్యాసార్ధముగల వృత్తమునకు 96 భుజముల బహుభుజిని ప్రతినిధిగా నిలిపినచో, జ్యామధ్యమున నేర్పడు ఎడము సుమారు 0.027 మి.మీ. మాత్రమే, భుజములను రెట్టింపు చేసిన నా ఎడము నాలుగవ వంతునకు తగ్గును. అయితే, సామీప్యమొక్కటియే చాలునా యను ప్రశ్నకు సమాధానము దొరకుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టెను.

వక్రతలముపై నిలిపిన త్రిభుజములు సూక్ష్మములగుకొలది వాని వైశాల్యముల మొత్తము తలవైశాల్యమును చేరునని 19వ శతాబ్దిలో ఫ్రెంచి గణితజ్ఞుడు సెర్రె నిర్వచించెను. జర్మను గణితజ్ఞుడు హెర్మన్ ష్వార్ట్జ్ సామాన్యమైన స్థూపమునే గైకొని యా నిర్వచనమును కూల్చివేసెను. స్థూపమును ఎత్తున కొన్ని పట్టీలుగను, చుట్టును కొన్ని భాగములుగను విభజించి, ఒక వరుస శీర్షములు క్రింది వరుస శీర్షముల నడుమకు వచ్చునట్లు త్రిభుజములను కూర్చి, పట్టీల సంఖ్యను చుట్టు భాగముల సంఖ్యయొక్క వర్గముకంటె వేగముగ పెంచుచు పోయినచో, ప్రతి శీర్షమును స్థూపముపైననే యుండియు, వైశాల్యము మాత్రము అవధిలేక పెరుగును. కారణమేమన, త్రిభుజములు తలమును అంటిపెట్టుకొనక, కుచ్చిళ్లు పెట్టిన వస్త్రమువలె అడ్డముగా మడతపడును. బిందువులు చేరువగుట వేరు, త్రిభుజముల వాలు తలముయొక్క వాలుతో ఒప్పుట వేరు. ఈ చరిత్రయందంతటను నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమిదియే.

ఇంజనీరులకును ఈ భేదము తప్పలేదు. 1943లో గణితజ్ఞుడు కూరాంట్ మెలిత్రిప్పిన కడ్డీ సమస్యను త్రిభుజములపై పరిష్కరింపజూపెను. 1956లో బోయింగ్ విమానముల రెక్కల విశ్లేషణకై టర్నరు, క్లఫ్, మార్టిన్, టాప్ అనువారు ఆ మార్గమును కంప్యూటరునకు తగినట్లు మలచిరి. త్రిభుజములోని యొక కోణము 180 డిగ్రీలను సమీపించినచో గణితఫలము చెడునని 1976లో బాబుష్కా, అజీజ్‌లు నిరూపించిరి. ష్వార్ట్జ్ మడతలలోని త్రిభుజములట్టివే.

కన్నును వాలునే చూచును. 1971లో యూటా విశ్వవిద్యాలయమున ఆన్రీ గూరో తన భార్య ముఖముపై గీతలు గీసి, ఆ ముఖమును జాలముగా కంప్యూటరునకెక్కించెను. భుజములు రెట్టింపైనపుడు ఎడము నాలుగవ వంతగుచుండగా, వాలు దోషము సగమే తగ్గును; అందుచేతనే ఫలకముల అంచులు తెరపై పొడగట్టుచుండెను. గూరో శీర్షములయొద్ద వెలుగును లెక్కించి, నడుమ క్రమముగా వ్యాపింపజేసి ముఖమును నునుపుగ చూపెను.

స్టాన్‌ఫర్డులో బ్రూస్ బౌమ్‌గార్టు చేసిన ఆలోచన ఇంతకంటె మౌలికమైనది. 1972లో ఆయన కూర్చిన నిర్మాణమున ప్రతి అంచును తన రెండు కొనలను, ఇరువైపుల ముఖములను, పొరుగునున్న నాలుగు అంచులను జ్ఞప్తియందుంచుకొనును. జాలమునకు ప్రాణము బిందువులు గావు, ఈ పొరుగు సంబంధములే యని నా నిశ్చితాభిప్రాయము. అట్టి సంబంధములనన్నిటిని, చార్ల్స్ హల్ యొక్క స్టీరియోలిథోగ్రఫీ (త్రిపరిమాణ ముద్రణ) యంత్రములకై 1987లో వెలువడిన ఎస్‌టీఎల్ ఫైలు వదలివేసినది. ద్వ్యంశ (బైనరీ) రూపమున త్రిభుజమునకు 50 బైట్లు: లంబదిశ, మూడు శీర్షముల నిరూపకములు, తుదను రెండు బైట్లు. ఏ త్రిభుజమునకు ఏది పొరుగో అందు లేదు. కొలత మిల్లీమీటరులా అంగుళములా యనునదియు లేదు. శీర్షముల సంఖ్యనుండి అంచుల సంఖ్యను తీసి ముఖముల సంఖ్యను కలిపిన 2 వచ్చునను ఆయిలరు సూత్రమునుబట్టి, రంధ్రములులేని సంవృత జాలమున త్రిభుజములు శీర్షములకు ఇంచుమించు రెట్టింపగును. కావున ఒక్కొక్క శీర్షము సగటున ఆరుమార్లు వ్రాయబడును. ఆ యారింటిలో నొకదాని తుది అంకె మారినను ఉపరితలము చిల్లిపడి, లోపలిదేదో వెలుపలిదేదో యంత్రము తేల్చుకొనజాలదు. 2015లో వచ్చిన 3ఎంఎఫ్ అను ఫైలు రూపము శీర్షములను ఒక్కమారే వ్రాసి, త్రిభుజములను వాని క్రమసంఖ్యలతో సూచించి, ప్రమాణమును గూడ పేర్కొనినది.

జాలమునే తొలగించి, రూపకల్పనయందలి వక్రప్రమేయములతోనే విశ్లేషణ సాగింపవలెనని 2005లో టామ్ హ్యూస్ బృందము ప్రతిపాదించెను. రెనోలో బెజియే, సిట్రోయెన్‌లో ద కాస్తెల్జో కారు దేహములకై నిర్మించిన వక్రవిద్యకిది యోగ్యమైన కొనసాగింపే. అయినను ఆ వక్రతలములును నిర్దోషములు గావు. ఇరుదిశల ఘనబహుపదులచే నిర్వచింపబడిన రెండు తలఖండములు కలిసికొను రేఖ సాధారణముగా 324వ ఘాతపు వక్రము. దానిని యథాతథముగ భద్రపరుపజాలక సాఫ్ట్‌వేరు ఒక ఉజ్జాయింపు రేఖను నిలుపును. ఆ రేఖకిరుప్రక్కల తలముల నడుమ సూక్ష్మమైన సందులు మిగులును. మెష్ చేయుటకు పూర్వము వానిని పూడ్చు పని ఇంజనీరుల కాలమును నేటికిని హరించుచునే యున్నది.